యేసుకుమార్ చేతులు

శనివారం సాయంత్రం ఆయన గోళ్ళు కత్తిరించడం నా పని. మర్నాడు ఆరాధనలో కీబోర్డు వాయించాలి, గోళ్ళు పెరిగితే వేళ్ళు జారతాయనేవాడు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఆయన, కింద గుమ్మం మీద నేను. ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ రెండోది నా ఒళ్ళోకి చాపేవాడు. ఎప్పుడు చెయ్యి మారుస్తాడో నాకు తెలియాలి, అడగకూడదు. ఒకసారి చిటికెన వేలి దగ్గర కొంచెం లోతుగా తెగింది. చుక్కంత రక్తం వచ్చింది.  నేను భుజాలు ముడుచుకోవడం చూసి నవ్వాడు. "ఏం లేదులే, పని చూడు" అన్నాడు. ఆ వారమంతా నాకు ఆ నవ్వే గుర్తొచ్చింది. కొట్టనందుకు ఆయన మీద ఎంత కృతజ్ఞత కలిగిందో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కొండపల్లి నుంచి ఇటు గొల్లపూడి, అటు మైలవరం దాకా ఆ చేతులు తెలియని సంఘం లేదు. ఆయన థర్మల్ స్టేషన్‌లో స్టోర్స్ గుమస్తా. డ్యూటీ దిగగానే స్నానం చేసి, నేను ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కా వేసుకుని, కీబోర్డు భుజాన తగిలించుకుని ఎక్కడ ప్రార్థన కూడిక ఉంటే అక్కడికి వెళ్ళేవాడు. "యేసుకుమార్ బ్రదర్ వేళ్ళల్లో అభిషేకం ఉంది సిస్టర్, మీరు ధన్యులు" అని ఆడవాళ్ళు నా మోచేతులు రెండూ పట్టుకుని చెప్పేవాళ్ళు. వాళ్ళు ప్రేమగా నొక్కిన చోట జాకెట్టు కింద నొప్పి పుట్టేది. నవ్వేదాన్ని. నేను యూకేజీ పిల్లలకి చెప్పే బడిలో ప్రిన్సిపాల్ మేడమ్ ఒంటిపూట బడుల కాలంలో ఒకరోజు, "ఇంత ఎండలో మణికట్టు దాకా జాకెట్లేంటి దీవెనా టీచర్, మా అమ్మమ్మ కూడా తొడగదు" అంది. స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడం కూడా నేను చేసే పనుల్లో ఒకటి.

ఆ చేతులు మంచివి కూడా. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. మా పాప బ్లెస్సీకి బడికి వెళ్ళేముందు రెండు జడలూ ఆయనే వేసేవాడు. పాపిడి తీసేటప్పుడు దువ్వెన మొన గుచ్చుకోకుండా వేలు అడ్డం పెట్టేవాడు. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దాని చిన్న వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి పాట నేర్పేవాడు. వంటింట్లోంచి అదంతా చూస్తుంటే, నాకు తెలిసినవి వేరే చేతులేమో, నేనే ఎక్కడో పొరపాటు పడుతున్నానేమో అనిపించేది.

నాకు తెలిసినవి పెళ్ళయిన రెండో నెలలో తెలిశాయి. పప్పులో ఉప్పు తక్కువైందనో, అమ్మతో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడాననో, ఏదో ఒకటి. కంకిపాడు వెళ్ళి అమ్మకి చెప్తే, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, చేట ఆపకుండానే, "మగాడన్నాక ఎప్పుడో ఒకసారి చెయ్యి చేసుకుంటాడు. చెయ్యేగా, కర్ర కాదుగా" అంది. అత్తయ్య, "మావాడి చెయ్యి దురుసే గానీ మనసు వెన్న" అంది. మరిది బెన్నీ కళ్ళారా చూసిన రోజున నన్ను పక్కకి పిలిచి, "అన్నయ్యకి చెయ్యి జారింది వదినా, మనసులో పెట్టుకోకు" అన్నాడు. ఆయనైతే మర్నాడు పొద్దున నా ముందు కూర్చుని కుడిచెయ్యి చాపి, "ఈ పాపిష్టి చెయ్యి, దీనిమీద నాకు అదుపు లేదు దీవెనా, నువ్వే కొట్టు దీన్ని" అని ఏడ్చేవాడు. ఆ చెయ్యి నిజంగానే వాచి ఉండేది. ఆదివారం వాయించాలి కదా. ఫ్రిజ్‌లో ఉన్న ఐసంతా గుడ్డలో కట్టి దాని మీద అద్దేదాన్ని. నా చెంపకి మిగిలేది కాదు.

హనుమాన్ జంక్షన్‌లో సువార్త కూడికకి వెళ్ళి తిరిగొస్తూ ఒకరోజు హైవే మీద ఆగి ఉన్న లారీని బండితో గుద్దాడు. హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించి ఉందట. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తెచ్చారు. నేను వెళ్ళేసరికి ఐసీయూ బయట కుర్చీలన్నీ మా సంఘం వాళ్ళే. ఒంటి మీద పెద్ద గాయాలేం లేవన్నారు, చేతులకి గీత కూడా పడలేదన్నారు. దెబ్బంతా తలకి. అందరూ మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేస్తున్నారు. నేనూ కళ్ళు మూసుకున్నాను. బతకాలని అడగాలో, ఇంకేం అడగాలో తెలియలేదు. 'ప్రభువా' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. 

మర్నాడు మధ్యాహ్నం డాక్టర్ గారు లోపలికి పిలిచారు. అత్తయ్య, బెన్నీ, పాస్టర్ సంజీవరావు గారు, నేను. మెదడు పూర్తిగా చనిపోయిందని, ఆ పరీక్ష మధ్యలో ఎడం ఇచ్చి రెండుసార్లు చేశామని, ఇప్పుడు ఊపిరి మిషన్‌దే గానీ ఆయనది కాదని చెప్పారు. అత్తయ్య పెద్దగా ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ముందుకీ వెనక్కీ ఊగింది. కొంతసేపు పోయాక ఒకమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. బూడిదరంగు స్కార్ఫ్, మెడలో ఆసుపత్రి కార్డు. పేరు హఫ్సా అని, అవయవదానం గురించి కుటుంబాలతో మాట్లాడటం తన ఉద్యోగమని చెప్పింది. "ఇది అడిగే సమయం కాదని తెలుసండీ. కానీ తర్వాత అడిగితే ఉపయోగం ఉండదు. చట్టం ప్రకారం మొదటి మాట భార్యగా మీది. మీరు ఒప్పుకుంటేనే."

మొదటి మాట మీది. ముగ్గురూ నావైపు తిరిగారు. మా ఇంట్లో ఏ కూర వండాలన్నది కూడా నా మాట కాదు. బ్లెస్సీ పేరు ఆయన పెట్టాడు, బడి అత్తయ్య చెప్పింది, నా ఫోన్‌లో సిమ్ము బెన్నీ మార్చాడు. కళ్ళు, మూత్రపిండాలు, కాలేయం, గుండె. హఫ్సా ఒక్కొక్కటే చెప్తుంటే ఒక్కొక్కదానికీ తల ఊపాను. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు పాస్టర్ గారు కూడా ఆశ్చర్యపోయినట్టున్నారు. నాకు వాటితో గొడవ లేదు. ఆయన కాలేయం నన్నేం చేసింది.

"ఇంకొకటి విడిగా అడగాలండీ" అంది హఫ్సా. "ఆయన చేతులు."

"చేతులేంటి?" అంది అత్తయ్య.

"కరెంటు షాకుల్లో, మిషన్లలో పడి రెండు చేతులూ పోయినవాళ్ళు ఉంటారు కదమ్మా. వాళ్ళకి చేతులు అతికించే ఆపరేషన్ ఉంది. ఎముకకి ఎముక, నరానికి నరం, రక్తనాళానికి రక్తనాళం కలిపి కుడతారు. పక్క రాష్ట్రంలో ఒకరు చాలా కాలంగా ఎదురుచూస్తున్నారు. రక్తం గ్రూపు కలిసింది."

"అట్టా ఎట్టా కుదురుద్ది? లోపలివి తీసుకుంటే పైకి కనపడదు. చేతుల్లేకుండా నా కొడుకుని పెట్టెలో ఎట్టా పడుకోబెట్టను?" అంది అత్తయ్య. "రేపు పునరుత్థానం నాడు అందరూ చేతులెత్తి లేస్తారు. నా బిడ్డ మొండి చేతులతో లేవాలా?"

కృత్రిమ చేతులు అమర్చి, బట్టలు తొడిగి ఇస్తారని, చూసేవాళ్ళకి తేడా తెలియదని హఫ్సా చెప్పింది. ఒప్పుకోకపోయినా తప్పు లేదని కూడా చెప్పింది. అత్తయ్య తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అప్పుడు పాస్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "సముద్రంలో చేపల పాలైనవాళ్ళని కూడా లేపే దేవుడమ్మా, చేతులు ఎక్కడున్నాయో ఆయనకి తెలీదా? అవి ఆయన మహిమ కోసం వాడబడిన చేతులు. ఇంకొకరి ఒంటికి ప్రాణం పోస్తే ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది?"

అత్తయ్య ఊగడం ఆపింది. "అయితే నా కొడుకు చేతులు బతికే ఉంటాయన్నమాట" అంది మెల్లగా.

"పేపర్లో కూడా వేస్తారు వదినా" అన్నాడు బెన్నీ. "మన రాష్ట్రంలో ఎంతమంది ఇచ్చుంటారు?"

ముగ్గురూ ఒప్పుకున్నారు.  నేను మాత్రం ఆలోచించుకోవాలి అన్నాను.

"ఇందాక గుండె ఇచ్చేటప్పుడు ఆలోచించలేదు కదా" అన్నాడు బెన్నీ. "చేతులకి ఆలోచనేంటి?"

ఏమని చెప్పను. నాకు ఎక్కడో ఒక ఇల్లు కనపడుతోంది. ఎవరో ఒకావిడ. మొగుడికి రెండు చేతులూ పోయాక అన్నం కలిపి పెట్టింది, చొక్కా గుండీలు పెట్టింది, ముక్కు తుడిచింది, చెప్పుకోలేనివన్నీ చేసింది. ఎదురుచూసి ఎదురుచూసి చేతులు వచ్చాయి. ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఆవిడ దేవుడికి దీపం పెట్టింది. కొన్నాళ్ళకి పప్పులో ఉప్పు తక్కువైంది. అప్పుడు లేస్తుంది ఆ చెయ్యి. నాకు తెలుసు అదెలా లేస్తుందో, ముందు భుజం కాస్త వెనక్కి వెళ్తుంది, ఉంగరం వేలు కొద్దిగా ఎడమవుతుంది. నా ఇంట్లో చచ్చిపోతున్నదాన్ని ఐసుపెట్టెలో పెట్టి ఆవిడ ఇంటికి పంపినట్టు అవుతుంది. పోనీ వద్దంటానా? ఎందుకు వద్దో చెప్పాలి. చచ్చిపోయినవాడి మీద, అదీ యేసుకుమార్ మీద, నింద వేసిన భార్యనవుతాను. ఎవరు నమ్ముతారు? నమ్మేవాళ్ళకి ముందే తెలుసు, వాళ్ళే చెప్పొద్దంటారు. ఔనన్నా నేనే మోయాలి, కాదన్నా నేనే మోయాలి. చెవుల్లో ఆ గది ఏసీ హోరు తప్ప ఏమీ వినపడటం లేదు.

ఒకసారి ఆయన్ని చూస్తానన్నాను. హఫ్సా తోడు వచ్చింది. పడుకుని నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఛాతీ లేస్తూ దిగుతోంది. చేతులు రెండూ దుప్పటి మీద, అరచేతులు పైకి. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వెచ్చగా ఉంటాయని హఫ్సా చెప్పింది, పట్టుకోవచ్చంది. ఇంతలో నర్సు సెలైన్ గొట్టం సర్దడానికి ఆయన కుడిచెయ్యి మోచేతి దగ్గర పట్టి పైకెత్తింది. అంతే. నేను రెండడుగులు వెనక్కి పడ్డాను. నా చెయ్యి నా చెంపకి అడ్డం వచ్చేసింది, కళ్ళు మూసుకుపోయాయి, భుజాలు చెవుల దాకా లేచాయి. తెరిచి చూసేసరికి నర్సు గొట్టం సర్దుకుంటోంది. హఫ్సా నన్నే చూస్తోంది.

 బయటికి తీసుకొచ్చి, మా వాళ్ళు కూర్చున్నవైపు కాకుండా అవతలి వరండాలో కిటికీ పక్కన కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. కింద రోడ్డు మీద ఆటోలు, ఏలూరు కాలవ పక్కన పూలమ్మేవాళ్ళు, మామూలు మధ్యాహ్నం.

"మీరు వద్దంటే వద్దేనండీ" అంది. "కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు. నాకు కూడా."

అంతమంది ప్రార్థన చేస్తున్నా రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది. ఏడుస్తూనే అడిగాను. "ఆ తీసుకునేవాళ్ళకి పెళ్ళయిందా అమ్మా?"

హఫ్సా తల అడ్డంగా ఊపింది. "ఆడో మగో కూడా చెప్పకూడదండీ. చెప్తే నా ఉద్యోగం సంగతి అలా ఉంచండి, వాళ్ళకీ మీకూ మంచిది కాదు."

"ఈయనలాగే వాయిస్తారా వాళ్ళు?"

"లేదండీ. అది ఆయన మెదడులో ఉండేది. అక్కడే ఆగిపోయింది. కొత్తలో ఆ వేళ్ళు కదలను కూడా కదలవు. స్పర్శ తెలీదు. నరం చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఏడాది పైన పడుతుంది. గ్లాసు పట్టుకోవడం, గుండీ పెట్టుకోవడం, అన్నం ముద్ద చేసుకోవడం, అన్నీ రోజూ కూర్చుని నేర్పాలి. జీవితాంతం మందులు మింగాలి, లేకపోతే ఒళ్ళు వాటిని తనవని ఒప్పుకోదు. చేతులు ఏమీ తీసుకెళ్ళవండీ. తీసుకున్న మనిషి ఏం నేర్పితే అదే నేర్చుకుంటాయి."

"ఏమీ తీసుకెళ్ళవా?"

"ఏమీ."

నేను నా చేతులు చూసుకున్నాను. యూకేజీ పిల్లల చేత అ ఆలు దిద్దించిన చేతులు, ఆయన గోళ్ళు తీసిన చేతులు. అమ్మ, అత్తయ్య, బెన్నీ, ఆఖరికి ఆయన, అందరూ ఇన్నేళ్ళూ ఆ చెయ్యినే తిట్టారు. చెయ్యి దురుసు, చెయ్యి జారింది, చెయ్యి చేసుకున్నాడు, దీనిమీద నాకు అదుపు లేదు. నేనూ అలాగే నమ్మాను. చెయ్యికి భయపడ్డాను, చెయ్యికి ఐసు పెట్టాను, చెయ్యి ఎటు కదులుతుందో చూస్తూ బతికాను. కానీ ఏ స్వరం ఎంత సుతారంగా నొక్కాలో తెలిసిన చేతికి అదుపు లేకపోవడమేమిటి? పాప పాపిడికి దువ్వెన గుచ్చుకోకుండా అడ్డం పడ్డ వేలికి అదుపు లేకపోవడమేమిటి? స్టోర్స్‌లో ఆఫీసరు నలుగురి ముందూ తిట్టిన రోజున ఆ చెయ్యి జేబులోనే ఉంది. పాస్టర్ గారు కూడికకి ఆలస్యమైందని కసిరినప్పుడు ఆ చెయ్యి నమస్కారం పెట్టింది. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టాక, అది కూడా ముందు టీవీ సౌండు పెంచాక, అప్పుడు జారేది. ఎప్పుడు జారాలో ఎవరు చెప్పారు దానికి? ఇప్పుడు నేను, ఆ చేతులు చెడ్డవి, ఎవరికీ ఇవ్వొద్దు అన్నానంటే, వాళ్ళందరూ అన్నదే నేనూ అన్నట్టు. పోతూ పోతూ కూడా ఆయన నేరాన్ని చేతుల మీద పెట్టి తను తప్పుకుంటాడు.

నీళ్ళు తాగి లేచాను. లోపలికి వెళ్ళి, "చేతులు కూడా తీసుకోండి" అని చెప్పాను. పాస్టర్ గారు దేవునికి స్తోత్రం అన్నారు. హఫ్సా చూపించిన చోట సంతకం పెట్టాను.

గన్నవరం విమానాశ్రయం దాకా దారి ఖాళీ చేయించి ఆ చేతుల్ని పంపారట. టీవీలో వచ్చింది. మాకు అప్పగించిన ఆయన దేహానికి తెల్ల సూటు, తెల్ల గ్లౌజులు తొడిగారు. సమాధి చేసేరోజు వరసలో వచ్చినవాళ్ళు ఆ గ్లౌజులకి ముద్దు పెట్టి ఏడ్చారు. లోపల ఉన్నవి ఆయనవి కావని తెలిసి కూడా పెట్టారు.

తర్వాతి రోజుల్లో తెలిసింది నాకు, నేను ఏం చేశానో. మెయిన్ రోడ్డు మీద, చర్చి గోడకి, మా వీధి మొదట్లో ఫ్లెక్సీలు వెలిశాయి. కీబోర్డు మీద ఆయన రెండు చేతుల ఫోటో, కింద 'మరణం లేని చేతులు' అని. అన్నం తింటూ కిటికీలోంచి చూస్తే అవే కనిపించేవి. ఆయన మొహం కూడా లేదు వాటిలో, చేతులే. బడిలో ప్రిన్సిపాల్ మేడమ్ అసెంబ్లీలో నన్ను ముందుకి పిలిచి, "ఇంతటి మహానుభావుడి భార్య మన టీచర్ అవడం మన అదృష్టం" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను పొడుగు చేతుల జాకెట్టులోనే ఉన్నాను. కింద మచ్చలు ఇంకా పూర్తిగా పోలేదు.

బడి దగ్గర చిన్న ఇల్లు చూసుకుని నేనూ పాపా వెళ్దామనుకుంటున్నానని ఒక పొద్దున అత్తయ్యతో అన్నాను. అత్తయ్య కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట మీంచి తలెత్తలేదు. "ఎందుకూ వెళ్ళడం? నువ్వేమన్నా విధవరాలివా? మొగుడి చేతులు ఈ భూమ్మీద పచ్చగా తిరుగుతుంటే నువ్వు విధవరాలివి ఎట్టా అవుతావు? నా కొడుకు ఇంకా సగం బతికే ఉన్నాడు. నువ్వు ఈ ఇంట్లోనే ఉండాల."

"ఆయన నన్ను ఎలా చూశాడో నీకు తెలుసు కదత్తయ్యా."

కత్తిపీట ఆగింది. "మీ మావయ్యా నన్ను అట్టాగే చూశాడు" అంది. "నేను ఎవరికన్నా చెప్పానా? చచ్చినోళ్ళ మాటలు ఇప్పుడెందుకే." మళ్ళీ వంకాయ అందుకుంది.

బెన్నీ అయితే, అన్నయ్య పేరు మీద ఒక పరిచర్య మొదలుపెడదాం, ఊరూరా కూడికలు పెట్టి వదిన సాక్ష్యం చెప్తుంది అని పాస్టర్ గారితో మాట్లాడేసి వచ్చాడు. నన్ను అడగలేదు. మొదటి మాట నాది అన్న ఆ గది వాకిలి దాటాక, మళ్ళీ ఎవరూ నన్ను ఏదీ అడగలేదు.

ఒకరోజు హఫ్సా ఫోన్ చేసింది. "వేళ్ళకి రక్తం బాగా అందుతోందటండీ. మీకు చెప్పాలనిపించింది" అని పెట్టేసింది. నాకే ఆశ్చర్యం, సంతోషం వేసింది. ఎవరో తెలియని ఆ మనిషి కళ్ళు తెరవగానే తన మణికట్టు కింద వేళ్ళు చూసుకుని ఉంటారు. ఆ సంతోషంలో ఆయన లేడు. ఆ చేతుల మీద నాకిక కోపం లేదు. మరి ఇంత బరువు ఎక్కడిదని చూసుకుంటే, కోపమంతా పోవాల్సిన చోటికి పోకుండా ఒంట్లోనే నిలబడి ఉంది.

సంఘం వాళ్ళు ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. దానికి రెండు రోజుల ముందు బ్లెస్సీ క్లాస్ టీచర్ నన్ను పిలిచింది. బ్లెస్సీ, పక్కన కూర్చునే సాయిశ్రీని చెంప మీద కొట్టిందట. సాయిశ్రీ చెంప ఎర్రగా ఉంది, కంటి కింద వాచింది. "తండ్రి పోయిన పిల్ల కదా, పోనీలెండి" అంది టీచర్. ఆ పిల్ల వాపు వంక చూస్తే నాకు అద్దంలో చూసుకున్నట్టే ఉంది. ఇంటికి తీసుకొచ్చి ఎందుకు కొట్టావని అడిగాను.  బ్లెస్సీ కుడిచెయ్యి నా ముందుకి చాపింది.

"నేను కాదమ్మా. చెయ్యి జారింది" అంది.

తొమ్మిదేళ్ళ పిల్ల. ఎవరూ నేర్పలేదు దానికి. గోడ అవతల పడుకుని విన్నది, పొద్దున్నే నాన్న ఏడుస్తూ చెప్పగా విన్నది, నేను ఐసు పెడుతూ ఏమీ అనకపోవడం కూడా విన్నది. ఆ చేతుల్ని విమానంలో పంపించాను గానీ ఆ మాట మా ఇంట్లోనే ఉండిపోయింది. దాని చెయ్యి నా చేతుల్లోకి తీసుకున్నాను. సన్నటి పొడుగు వేళ్ళు, అచ్చం ఆయనవే. "చెయ్యి ఏం చేసింది తల్లీ. కొట్టింది నువ్వు" అన్నాను. అది వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు సాయిశ్రీ వాళ్ళింటికి వెళ్ళి, తప్పు నాది అని చెప్పింది. వెనక నిలబడి వింటుంటే, ఆ మాట ఒక మనిషి నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. చిన్న మాట. ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

ఆదివారం చర్చి పక్కన ఖాళీ స్థలంలో షామియానా వేశారు. ఎక్కడెక్కడి సంఘాల వాళ్ళో వచ్చారు. వేదిక వెనక ఆ రెండు చేతులు ఈసారి మనిషికన్నా ఎత్తుగా ఉన్నాయి. పాస్టర్ గారి భార్య నా కొంగు సర్ది, "రెండు ముక్కలు చాలమ్మా. ఆ చేతులు నిన్ను ఎంత చల్లగా చూసుకున్నాయో చెప్పు, అందరూ ఆదరణ పొందుతారు" అంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి మాట్లాడారు. తన పెళ్ళికి ఎలా వాయించాడో ఒకాయన, తన బిడ్డకి సంగీతం ఎలా నేర్పాడో ఒకావిడ. అందులో ఏదీ అబద్ధం కాదు. "తన చేతుల్ని దానం చేసిన త్యాగశీలి" అని పాస్టర్ గారు అనగానే అందరూ ఆమెన్ అన్నారు. తర్వాత నా పేరు పిలిచారు.

మైకు బెన్నీ అందించాడు. ముందు వరసలో అత్తయ్య, ఆవిడ పక్కన బ్లెస్సీ. జడలు నేను వేశాను, కొంచెం వంకరగా వచ్చాయి. మా అమ్మ కూడా కంకిపాడు నుంచి వచ్చి మూడో వరసలో కూర్చుంది. అందరి కళ్ళలో నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి.  బ్లెస్సీ వింటుందని ఒక్క క్షణం వెనకాడాను. వినాల్సింది అదే అనుకున్నాను.

"అందరికీ వందనాలు" అన్నాను. "యేసుకుమార్ గారు చేతులు దానం చెయ్యలేదండీ. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఇచ్చింది నేను. ఆ చేతులది ఏ తప్పూ లేదు కాబట్టి ఇచ్చాను. పెళ్ళయిన రెండో నెల నుంచి నన్ను కొట్టింది ఆయన."

 అత్తయ్య తల దించుకుంది, కానీ కాదని అనలేదు. మైకు తీసుకోవడానికి బెన్నీ లేచి వస్తున్నాడు. నేను దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఇంకా చెప్తూనే ఉన్నాను.